చార్టులో లేని స్వరం

ప్రియమైన వదినకి,

కవరు మీద దస్తూరీ చూడగానే ఎవరు రాశారో నీకు తెలిసిపోయి ఉంటుంది. అయినా వెంటనే విప్పి ఉండవు. పియానో మూత మీద పెట్టి, దాని చుట్టూ రెండు రోజులు తిరిగి, కుండీలకు నీళ్ళు పోసి, ఆరిన బట్టలు మడతపెట్టి, ఇక ఇంట్లో చేయడానికి ఏ పనీ మిగలనప్పుడు విప్పి ఉంటావు. నీ సంగతి నాకు తెలియదా? ఆరేళ్ళు మాట్లాడుకోకపోయినంత మాత్రాన మరిచిపోతానా? నేనూ పెద్దగా మారలేదు. కళ్ళజోడు వచ్చింది, జుట్టు కాస్త నెరిసింది, మూతి ముడుచుకోవడం మాత్రం అలాగే ఉంది. అన్నయ్య ఫోన్ చేసినప్పుడల్లా నీ గురించి అడుగుతాను. బాగానే ఉంది అంటాడు. అన్నయ్య లెక్కలో లోకమంతా ఎప్పుడూ బాగానే ఉంటుంది కాబట్టి ఆ మాటతో నాకు తెలిసేదేమీ లేదు.

నేను పియానోలు శ్రుతి చేయడం మానేశానని వినే ఉంటావు. ఎప్పుడూ తీగలు బిగిస్తూ తిరుగుతానని నువ్వు నాకు పెట్టిన బిరడా అనే పేరు ఇక్కడ ఎవరికీ తెలియదు, నేనూ చెప్పలేదు. ఇప్పుడు ఒక చిన్న కంపెనీలో పని. మూడో అంతస్తులో నాలుగు గదులు, కింద సైకిళ్ళు బాగుచేసే దుకాణం. మేం కంప్యూటర్లో పియానోలు తయారుచేస్తాం. ఎక్కడో వాయించి దాచిపెట్టిన శబ్దాలు కావు. తీగ ఎంత పొడవు, ఎంత లావు, ఎంత బిగువు, దాన్ని కొట్టే సుత్తి మీది ఫెల్టు ఎంత మెత్తన, కింది చెక్క ఎంత పలచన, ఇవన్నీ అంకెల్లో చెబుతాం. మీట నొక్కినప్పుడల్లా ఆ తీగ ఎలా వణకాలో సాఫ్ట్‌వేర్ అప్పటికప్పుడు లెక్కగట్టి మోగిస్తుంది. లేని తీగ, లేని చెక్క, లేని సుత్తి. కళ్ళు మూసుకుని వింటే మాత్రం గదిలో ఎక్కడో పియానో ఉన్నట్టే ఉంటుంది. మొదట్లో నేను లేచి వెతికాను కూడా.

పోయిన నెల మా పెద్దాయన ఒక పాత రికార్డు పట్టుకొచ్చి, ఈ పియానోని మనం మళ్ళీ కట్టాలి అన్నాడు. అట్ట చూడగానే గుర్తుపట్టాను. పదకొండేళ్ళ కిందటి మన రికార్డు వదినా. నువ్వు వాయించింది, నేను బోల్టులు పెట్టింది. తీగల కదలికకు సమీకరణాలు రాసే అమ్మాయి ఒకతి మా ఆఫీసులో ఉంది, లెక్కలమ్మాయి అంటాం. ఆమెకు ప్రిపేర్డ్ పియానో అంటే ఏమిటో తెలియదు. తీగల మధ్య బోల్టులు, స్క్రూలు, రబ్బరు ముక్కలు దూర్చిన పియానో అని చెప్పాను. "పాపం, ఎవరు పాడుచేశారు?" అంది. ఎవరూ పాడుచేయలేదు, మా వదిన కావాలనే పెట్టించేది అని చెప్పాను. ఒక మీటకు గంట, ఒక మీటకు రేకు మీద వాన, ఇంకో మీటకు పక్కింట్లో ఎవరో మెల్లగా తలుపు వేసుకున్న చప్పుడు. నలభై రెండు మీటలు, నలభై రెండు వస్తువులు. అన్నీ పెట్టడానికి నేను సగం నడుము పియానోలోకి వంచి మూడు గంటలు పడే పాట్లు కూడా చెప్పాను. అన్నయ్య గడ్డం గీసుకునే పెట్టెలో బోల్టులు దొరికి ఇల్లెగిరిపోయేలా అరిచిన రోజు గురించి చెబితే ఆ పిల్ల పడీపడీ నవ్వింది.

నీ చార్టు నా దగ్గరే ఉంది. ఏ స్వరానికి ఏ వస్తువు, ఎన్నో తీగకూ ఎన్నో తీగకూ మధ్య, తీగను ఆపే డ్యాంపర్ నుంచి ఎన్ని అంగుళాల దూరం, అన్నీ నీ గుండ్రటి అక్షరాల్లో. అలాంటి బోల్టులే తెప్పించి తూకం వేశాం, చుట్టుకొలతలు తీశాం, తీగకు తగిలి అవి ఎలా దడదడలాడతాయో రోజుల తరబడి విన్నాం. ఒక్కో స్వరం లేచి వస్తుంటే నాకు ఒళ్ళు తేలిపోయినట్టుండేది. కిటికీలోంచి సైకిల్ గంటలు, నా చెవుల్లో మనం రికార్డు చేసిన ఆ పాత హాలు. నలభై ఒకటి వచ్చాయి. ఒక్కటి రాలేదు. ఏదో నీకు వేరే చెప్పనక్కర్లేదు. రెండో భాగం మధ్యలో, అంతా ఆగిపోయాక, నీ కుడిచేయి ఒంటరిగా కొట్టే స్వరం. విన్నవాళ్ళందరూ చెవులు కోసుకున్నది. చార్టులో దానికి మూడంగుళాల బోల్టు, రెండో తీగకూ మూడో తీగకూ మధ్య అని ఉంది. అలాగే పెట్టాను. బోల్టు శబ్దం వస్తోంది, ఆ స్వరం రావడం లేదు.

కంపెనీ ఈ పియానోని నీ పేరుతో బయటికి తేవాలనుకుంటోంది. దానికి నీ సంతకం కావాలి. కాగితం దీనితోపాటు పంపుతున్నాను. నేను అడిగితే పెట్టవేమోనని పెద్దాయన తనే రాస్తానన్నాడు. నేనే రాస్తానని మాట ఇచ్చాను. కోపం ఉంటే నా మీద ఉంచుకో వదినా, పియానో మీద వద్దు.

నీ ఆడపడుచు,
బిరడా

* * *

ఏమే బిరడా,

రెండు రోజులు కాదు, నాలుగు రోజులు. కుండీలకు నీళ్ళు ఎక్కువై ఒక మొక్క చచ్చిపోయింది కూడా.

నీ ఉత్తరం మీ అన్నయ్యకు చదివి వినిపించాను. గడ్డం పెట్టె సంగతి ఊరంతా చెప్పుకుంటున్నావా అని కాసేపు అలిగాడు. తరవాత ఆ కాగితం తీసుకెళ్ళి నా కళ్ళజోడు పక్కనే పెట్టాడు, ఏమీ తెలియనట్టు.

నేను ఇప్పుడు వాయించడం లేదు. పియానో మూత మీద మందుల డబ్బా, పాత పత్రికలు, ఇస్త్రీకి వెళ్ళాల్సిన బట్టలు ఉంటాయి. ఎవరైనా అడిగితే మంచి పియానో దొరకడం లేదనీ, మనసు లేదనీ చెబుతుంటాను. కానీ ఆ స్వరం మాత్రం నన్ను వదల్లేదు. కలలో వస్తుంది. ఆ హాలే, ఆ వాన మధ్యాహ్నమే. కుర్చీలు ఖాళీగా ఉంటాయి, పైకప్పు మీద నీళ్ళు జారుతుంటాయి. నేను ఆ మీట కొడతాను. బోల్టు చిన్నగా గణగణమంటుంది. అది చల్లారేలోపు దాని లోపల నుంచి ఇంకో గొంతు లేస్తుంది, ఎవరో నిద్రలో నవ్వినట్టు. అది ఆగేదాకా నేను ఊపిరి తీసుకోను. మెలకువ వచ్చేసరికి చెంపలు తడిగా ఉంటాయి. మీ అన్నయ్య చూసి కూడా అడగడు.

అది నా చేతిలోంచి వచ్చిన స్వరం. జీవితంలో ఒక్కసారి నా చేయి అంత పని చేసింది. తరవాత అయిదేళ్ళు దాన్ని వెతుక్కుంటూ తిరిగాను. బోల్టులు మార్పించాను, పియానోలు మార్పించాను. చివరికి నిన్ను పట్టుకుని, నీకు పని మీద ధ్యాస పోయింది, నువ్వు పెట్టే చోటే తప్పు అని నలుగురి ముందూ అన్నాను. నువ్వు పనిముట్ల సంచి సర్దుకుని వెళ్ళిపోయావు. నేను ఆపలేదు.

నలభై ఒకటి వచ్చాయి కదా అని సంతకం పెట్టలేను. ఆ ఒక్కటి లేకపోతే అది నా పియానో కాదు, వట్టి బోల్టుల డబ్బా. ఆ స్వరం ఒక్కటి నాకు తెచ్చివ్వు. సంతకం పెడతాను. ఈ బట్టలన్నీ తీసేసి మూత కూడా తెరుస్తాను. లేకపోతే వదిలెయ్, ఇంక నన్ను అడగవద్దు.

వదిన

* * *

నా ప్రియమైన వదినకి,

ఆ స్వరం ఎలా వచ్చిందో నాకు తెలుసు. పదకొండేళ్ళుగా తెలుసు. ఈ వాక్యం రాయడానికి నాకు పది రోజులు పట్టింది, నాలుగు కాగితాలు చింపేశాను. ఇది చింపను.

నీకు తెలిసిన పనే అయినా మొదటి నుంచి చెబుతాను, లేకపోతే నాకు చెప్పడం రాదు. పియానోలో మీటకు మూడు తీగలు. ఒక తీగ శ్రుతి సరిగ్గా వినాలంటే మిగతా రెండూ నోరు మూసుకోవాలి. అందుకని వాటి మధ్య చిన్న రబ్బరు ముక్క దూరుస్తాం, పని అవగానే తీసేస్తాం. తీయడం మరిచిపోవడమంత సిగ్గుచేటు మా పనిలో ఇంకోటి లేదు. రికార్డు చేసిన రోజు నేను పొద్దుటి నుంచి శ్రుతి చేసి, తరవాత నలభై రెండూ పెట్టి, నువ్వు వచ్చేసరికి చేతులు కడుక్కున్నాను. నువ్వు వాయించావు. ఆ స్వరం దగ్గర రికార్డు చేసే ఆయన తల ఎత్తి గాజు అవతల నుంచి నన్ను చూశాడు. నాకూ కాళ్ళు నేల మీద ఆనలేదు. అంతా అయి, అందరూ టీ తాగడానికి వెళ్ళాక, నేను ఒక్కదాన్నే బోల్టులు తీయడానికి వంగాను. ఆ స్వరం తీగల కిందే, సరిగ్గా వాటి కిందే, చెక్క మీద నా రబ్బరు ముక్క పడి ఉంది.

అది తీగల మధ్యే ఇరుక్కుని ఉండిపోయిందనీ, నేను బోల్టు కదిలించినప్పుడు కింద పడిందనీ అర్థమైంది. అంటే నువ్వు కొట్టింది చార్టులో ఉన్న స్వరం కాదు. నా మతిమరుపు. దాన్ని జేబులో వేసుకున్నాను. అప్పుడే నువ్వు టీ కప్పుతో వచ్చావు. "బిరడా, అక్కడ ఏం పెట్టావే?" అని అడిగావు. నీ మొహం ఎలా ఉందంటే, పెళ్ళి చూపుల్లో అన్నయ్య ఊఁ అన్నప్పుడు కూడా అంత వెలుగు చూడలేదు. చార్టులో ఉన్నదే పెట్టాను అన్నాను. నువ్వు నీ చేతులు రెండూ తిప్పి చూసుకున్నావు. ఆ తరవాత ఎలా చెప్పను?

నీ సంతోషం పాడుచేయడం ఇష్టంలేక చెప్పలేదని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అందులో నిజం సగమే. చెబితే నువ్వు ఇంకో మనిషిని పెట్టుకుంటావని భయం. నీ పక్కన నిలబడే చోటు పోతుందని భయం. ఇంట్లో నేను అన్నయ్యకు చెల్లెల్ని, అమ్మకు చివరి పిల్లని. పియానోలోకి వంగినప్పుడు మాత్రమే నేను నేనుగా ఉండేదాన్ని. నువ్వు మీటల ముందు, నేను లోపల. అది పోగొట్టుకోవడం ఇష్టంలేక నిన్ను అయిదేళ్ళు దొరకనిదాని కోసం తిప్పాను. నువ్వు ఒక్కో ఊరిలో ఒక్కో పియానో ముందు కూర్చుని ఆ మీట మళ్ళీ మళ్ళీ కొడుతుంటే, పక్కన చార్టు పట్టుకుని నిలబడ్డాను. ఒకసారి నువ్వు మీటల మీద తల వాల్చేశావు. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. చివరికి ధ్యాస పోయిందని నువ్వు తిట్టినప్పుడు, అలిగి వెళ్ళిపోయానని అందరూ అనుకున్నారు. కాదు వదినా. తిట్టు సరైన మనిషికే తగిలింది, నిలబడలేక వెళ్ళిపోయాను.

సాఫ్ట్‌వేర్లో ఆ తీగల మధ్య రబ్బరు పెట్టడానికి ఒక నిమిషం చాలు. ఇంతవరకు పెట్టలేదు. పెడితే స్వరం వచ్చేస్తుందని భయం. రేపు పెడతాను. నీకు ఆ స్వరం దొరుకుతుంది, కానీ నీ చేతిది కాదని కూడా తెలిసిపోతుంది. ఒకటి ఇచ్చి ఒకటి లాక్కున్నట్టు. ఏం చేయను, అబద్ధం మీద నీ సంతకం అడగలేను. నువ్వు క్షమించకపోయినా అన్నయ్యతో మాత్రం మాట్లాడనివ్వు.

నీ
బిరడా

* * *

వదినా, నా వదినా,

మొన్నటి ఉత్తరం నీకు చేరిందో లేదో తెలియదు. చేరి ఉంటే నన్ను తిట్టుకోవడం కాసేపు ఆపి ఇది చదువు. నిన్న పొద్దున ఆఫీసుకు వెళ్ళగానే కూర్చుని రబ్బరు పెట్టాను. మీట నొక్కాను. ధప్ మంది. అట్టపెట్టె మీద కొట్టినట్టు, అంతే. గొంతు లేదు, నవ్వు లేదు, ఏమీ లేదు. రబ్బరు కాస్త పైకి జరిపాను, కిందికి జరిపాను, మెత్తగా చేశాను, గట్టిగా చేశాను. మధ్యాహ్నం దాకా అరవై చోట్ల పెట్టి చూశాను. అన్నిచోట్లా ధప్పే.

నా మొహం చూసి లెక్కలమ్మాయి కుర్చీ జరుపుకుని వచ్చింది. ఆమెకు అంతా చెప్పేశాను. ఆ పిల్ల కళ్ళు మూసుకుని రికార్డులో ఆ చోటు నాలుగుసార్లు వింది. "రబ్బరు శబ్దాన్ని తినేస్తుంది గానీ ఇవ్వదండీ. ఆ రెండో గొంతు ఇంకెక్కడి నుంచో వస్తోంది" అంది. తరవాత ఆ స్వరం కంటే ముందు అంతా ఆగిపోయే చోటు ఉంది చూడు, దాన్ని బాగా పెద్దది చేసి వినిపించింది. ఇన్నేళ్ళూ అది వాన చప్పుడే అనుకున్నాను. వాన వెనకాల సన్నగా ఒక తీగ మోగుతూ ఉంది. ఆగిపోవాల్సిన తీగ ఆగలేదు.

మీట వదిలేస్తే డ్యాంపర్ దిగి తీగ నోరు మూస్తుంది. మీట పట్టుకుని ఉంటే తీగ తెరుచుకునే ఉంటుంది, తనతో కలిసే పై స్వరం మోగితే తనూ పలుకుతుంది. మా సాఫ్ట్‌వేర్లో ఏ తీగను కావాలంటే ఆ తీగను తెరిచి ఉంచవచ్చు. రబ్బరు తీసేసి, కింది మీటలు ఒక్కొక్కటే పట్టుకుంటూ పైది కొడుతూ వచ్చాం. సరిగ్గా పన్నెండు మెట్లు కిందికి వచ్చేసరికి వచ్చింది వదినా. మొదట బోల్టు గణగణ, అది చల్లారుతుండగా దాని కింద నుంచి ఆ గొంతు. లెక్కలమ్మాయి నా చేయి పట్టేసుకుంది. బయట ఎండ, సైకిల్ వాడెవడో చక్రం తిప్పుతున్నాడు, గదిలో ఆ హాలంతా వచ్చి కూర్చుంది. నేను నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు.

వెంటనే నీ నొటేషన్ తీసి చూశాను. ఆ కింది స్వరం, ఆగే ముందు నీ ఎడమచేతి నాలుగో వేలు మెల్లగా వాయించేదే. వాయించి ఎత్తేయాలని రాసుకున్నావు. ఆ రోజు ఎత్తలేదు. పట్టుకునే ఉన్నావు. ఆ చోట నువ్వు తీగలన్నిటినీ ఒకేసారి తెరిచే పెడల్ తొక్కవు కాబట్టి తెరుచుకున్న తీగ అదొక్కటే. నా రబ్బరు ముక్క అంతకు ముందే ఎప్పుడో చేయి జారి చెక్క మీద పడి, అక్కడే ఉండిపోయింది. నేను ఇన్నేళ్ళు మోసిన తప్పు జరగనే లేదు. నీకు అబద్ధం చెప్పిన తప్పు మాత్రం అలాగే ఉంది, దానికి ఏ శిక్ష వేసినా సరే. కానీ స్వరం నీదే. నీ చేతిదే. నువ్వు కావాలని పట్టుకున్నావో, చేయి తనంతట తను పట్టుకుందో నువ్వే చెప్పాలి. అన్నయ్య కంప్యూటర్‌కి పంపాను. హెడ్‌ఫోన్ పెట్టుకుని విను.

నీ
బిరడా

* * *

నా బంగారు బిరడాకి,

రబ్బరు ముక్క సంగతి ఒప్పుకున్న నీ ఉత్తరం చదివి నీకు రెండు పేజీల సమాధానం రాశాను. అది ఎంత ఘోరంగా ఉందంటే, మీ అన్నయ్య చదివి పోస్టు చేయడం మరిచిపోయాడు. జీవితంలో ఆయన కావాలని చేసిన మొదటి మతిమరుపు అదేననుకుంటా. దాని వెనకే ఇంకో ఉత్తరం వచ్చాక ఆ సమాధానం నా చేతే చింపించాడు.

విన్నాను. హెడ్‌ఫోన్ చెవుల మీద మీ అన్నయ్యే పెట్టాడు. నా కలలో వచ్చేది అదే, వెంట్రుకవాసి తేడా లేదు. నేను ఎంతసేపు విన్నానో తెలియదు, కళ్ళు తెరిచేసరికి కిటికీలో ఎండ గోడ మీదికి వెళ్ళిపోయింది. బాగానే ఉందా అని అడిగాడు. బాగానే ఉంది అన్నాను.

నువ్వు అడిగావు కదా, కావాలని పట్టుకున్నానా, చేయి తనంతట తను పట్టుకుందా అని. ఇంతవరకు మీ అన్నయ్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు, ఆయనకైనా ఏడాది దాచి చెప్పాను. ఆ రోజు ఆ వేలు లేవలేదే. ఎత్తమని నేను చెప్పాను, అది వినలేదు. నాది కాని వేలేదో అక్కడ పడి ఉన్నట్టనిపించింది. వాన పడుతోంది, టేపు తిరుగుతోంది. కుడిచేత్తో పై స్వరం కొట్టేశాను. అందరూ పరిగెత్తుకొచ్చి ఆ స్వరం, ఆ స్వరం అంటుంటే నాకు సగం వినిపించలేదు. నువ్వు చూశానన్నావే, నేను చేతులు రెండూ తిప్పి చూసుకున్నానని. మురిసిపోయి కాదు. వేలు మామూలుగా మడుస్తోందా లేదా అని చూసుకున్నాను.

అంతటితో పోతుందనుకున్నాను. పోలేదు. నెలకోసారి, తరవాత వారానికోసారి. డాక్టర్లు ఏదో పేరు చెప్పారు. వేలికేం లేదట, చేతికేం లేదట, మెదడు నుంచి వేలికి వెళ్ళే కబురే దారి తప్పుతోందట. చేతితో సన్నటి పని ఏళ్ళ తరబడి చేసేవాళ్ళకు వస్తుందట. ఎవరికీ తెలియకూడదని ఎంత జాగ్రత్తపడ్డానో చెబితే నువ్వు నమ్మవు. మనం ఎక్కడ వాయించినా, ఆ చోటు వస్తోందనగానే నా ప్రాణమంతా ఆ నాలుగో వేలి మీద పెట్టేదాన్ని. రాసిన దానికంటే ముందే లాగేసేదాన్ని. అయిదేళ్ళు ప్రతిసారీ. ఒక్కసారి కూడా ఉంచలేదు. నువ్వు బోల్టు మార్చినప్పుడల్లా ఆ స్వరం రాకపోవడానికి కారణం నా చేయేనన్నమాట. ఒక చేత్తో దాన్ని వెతుకుతూ, రెండో చేత్తో దాని గొంతు పట్టుకుని నొక్కాను. మొన్న ఇది అర్థమయ్యాక నేను చాలాసేపు నవ్వాను, మీ అన్నయ్య భయపడి నీళ్ళు తెచ్చాడు.

ఇంకోటి చెప్పాలి, ఇది చెప్పడం అన్నిటికంటే కష్టం. నలుగురి ముందూ నిన్ను తిట్టిన రోజు, ఆ వేలు మూడుసార్లు ఇరుక్కుంది. మూడోసారి పక్కవాళ్ళు చూశారు. నా చేయి పాడైపోతోందని చెప్పడం కంటే నీ బోల్టు సరిగా లేదని చెప్పడం తేలికనిపించింది. నీ తప్పేమీ లేదని ఆ మాట నోటి నుంచి వస్తుండగానే నాకు తెలుసు. నువ్వు ఒక్క మాట ఎదురు చెప్పకుండా వెళ్ళిపోతే, దీనికెంత పొగరు అనుకున్నాను. నీ జేబులో ఇంకో తప్పు ఉందని నాకేం తెలుసు? ఇద్దరం ఒకే స్వరం వెనకాల చెరో అబద్ధం దాచుకుని ఆరేళ్ళు మొహాలు చూసుకోలేదు. నువ్వు నన్ను క్షమించమన్నావు. ఏ మొహంతో క్షమించను? నువ్వే నన్ను క్షమించాలి. అడుగుతున్నాను.

సంతకం పెట్టి కాగితం ఇందులోనే పంపుతున్నాను. ఆ స్వరాన్ని అందరికీ ఇచ్చెయ్. ఎలా వస్తుందో కూడా రాసిపెట్టు, వేలు లేవకపోతే వచ్చిందని. సిగ్గేం లేదు నాకు ఇప్పుడు.

నిన్న బట్టలు, పత్రికలు, మందుల డబ్బా అన్నీ దింపించి మూత తెరిచాను. ఎడమచేతి చివరి రెండు వేళ్ళూ ఇప్పుడు అరచేతిలోకి ముడుచుకునే ఉంటాయి. నా జాకెట్టు హుక్కులు మీ అన్నయ్యే పెడతాడు, వంకర టింకరగా. కుడిచేయి మాత్రం శుభ్రంగా ఉంది. ఆ పై మీట కొట్టి చూశాను. శ్రుతి ఎంత దిగిపోయిందంటే నువ్వు వింటే ఏడుస్తావు.

ఆదివారం మధ్యాహ్నం రా. శ్రుతి చేయి, బోల్టులు పెట్టు. పెట్టాక చార్టు పట్టుకుని నిలబడకు, వచ్చి నా ఎడమపక్క బెంచీ మీద కూర్చో. నీకు వాయించడం రాదని గొణగవద్దు, రానక్కర్లేదు. పన్నెండు మెట్ల కింది మీటను చప్పుడు కాకుండా నొక్కి, నేను చాలనేదాకా వదలకుండా పట్టుకో. పైది నేను కొడతాను.

నీ
వదిన